ఏమవుతారు మీరు?

(విజయవాడలో రొమ్ము క్యాన్సరుకు వైద్యం చేయించుకున్న, చేయించుకుంటున్న ఆడవాళ్ళ నెలవారీ సమావేశంలో, ఒక సభ్యురాలి సంస్మరణ సందర్భంగా తోటి సభ్యురాలు మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే. కత్తెర పట్టుకోమంటే పట్టుకుంటాను గానీ మైకు పట్టుకోవడం నాకు రాదండి. టీచరుగారి గురించి అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. అయిదు నిమిషాల్లో అయ్యే పని కాదన్నాను. అయితే నీ ఇష్టం అన్నారు. కాబట్టి ఓపిక పట్టాలి మీరు. కూర్చోలేనివాళ్ళు మధ్యలో లేచి నాలుగడుగులు వెయ్యండి, నేనేమీ అనుకోను. ఆ హార్మోను బిళ్ళలు మింగే మన మోకాళ్ళ సంగతి మనకి తెలియనిదా?

ముందే ఒక మాట. ఆవిడ పేరు నేను మైకులో చెప్పను. వాళ్ళింటివాళ్ళు చెప్పొద్దని అడిగారు. పిల్లకి సంబంధాలు చూస్తున్నారు. తల్లికి ఫలానా జబ్బట అని తెలిస్తే వచ్చిన సంబంధం గుమ్మంలోంచే తిరిగి వెళ్ళిపోతుందని భయం. పేపర్లో వేయించిన నాలుగు లైన్లలో కూడా ‘అనారోగ్యంతో’ అనే ఉంది. నాకు కోపం వచ్చింది, కానీ వాళ్ళని తప్పు పట్టే మొహం నాకు లేదు. నా ఆపరేషనప్పుడు నేను షాపులో ఏమని చెప్పానో తెలుసా? గర్భసంచి తీయించుకున్నానని. ఈ రోజుకీ నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళలో సగం మందికి అదే తెలుసు. అందుకని టీచరుగారు టీచరుగారుగానే ఉంటారు. మనం ఎలాగూ అలాగే పిలిచేవాళ్ళం.

ఆవిడ గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల టీచరు. నాకు ఆవిడ పరిచయం 2015లో, కీమో ఎక్కించే గదిలో. పక్కపక్క కుర్చీలు. నాకు మొదటి సైకిలు, అంటే మొదటి విడత మందు, ఆవిడకి రెండోది. ఆ ఎర్ర మందు, సిరంజిలో రూహఫ్జాలాగా ఉంటుంది చూడండి, అది ఎక్కిస్తుంటే నేను అటు చూడలేక కళ్ళు మూసుకున్నాను. పక్కనుంచి ఒక గొంతు: “నోట్లో ఐసుముక్క పెట్టుకోమ్మా, నోరు పుండ్లు పడకుండా ఉంటుంది. ఇంకోటి, ఇంటికెళ్ళాక బాత్రూములో ఎర్రగా వస్తుంది. రక్తం కాదు. మందే. హడలిపోకు.” నాకు ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదండి. ఆవిడ చెప్పకపోయుంటే ఆ రాత్రి మా ఆయన్ని లేపి ఆటో పిలిపించి ఉండేదాన్ని. ఆవిడ మొదటిసారి నిజంగానే లేపారట. తెల్లారుజామున మూడింటికి క్యాజువాలిటీకి పరుగెత్తితే డ్యూటీ డాక్టరు నవ్వాట్ట.

జుట్టు ఊడిపోయాక నేను కొంగు కప్పుకుని తిరిగేదాన్ని. ఆవిడ టోపీ కూడా పెట్టుకోకుండా బడికి వెళ్ళిపోయారు. దారిలో ఎవరో పెద్దావిడ “ఏమ్మా, తిరుపతి వెళ్ళొచ్చారా?” అని అడిగిందట. “వెళ్ళలేదండి, ఈసారి స్వామే మా ఇంటికొచ్చి తీసుకెళ్ళాడు” అన్నారట. పాపం ఆ పెద్దావిడ ప్రసాదం పెడతారేమోనని చెయ్యి చాపిందట. [నవ్వులు]

ఇక బొండాల సంగతి. తినేవి కావు, జాకెట్టు లోపల పెట్టుకునేవి. అది చెప్పకుండా ఎలా?

ఆపరేషను అయ్యాక ఒకవైపు ఏమీ ఉండదు. దుకాణాల్లో సిలికాన్‌వి అమ్ముతారు, వేలల్లో ఉంటాయి. మన తాహతు కాదు. అప్పట్లో నేను గుడ్డ సంచిలో దూది కూరి లోపల పెట్టుకునేదాన్ని. దూదికి బరువుండదు కదా, మధ్యాహ్నానికల్లా అది పైకెక్కి కంఠం దగ్గర కూర్చునేది. టీచరుగారు ఒకరోజు షాపుకొచ్చి నన్ను చూసి, “ఇదేంటమ్మా, ఒకటి ఇంట్లో, ఒకటి మేడ మీదా?” అన్నారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని సీరియస్‌గా చెప్పారు. “ఇది అందం కోసం కాదు. ఒకవైపు బరువుండి రెండోవైపు లేకపోతే భుజం ఒరిగిపోతుంది, నడుం పట్టేస్తుంది. తక్కెడలాంటిది మనిషి ఒళ్ళు. ఎంత బరువు పోయిందో కనుక్కుని అంతే పెట్టాలి.”

ఎలా కనుక్కుంటారండి? పోయినదాన్ని తూచలేం. ఉన్నదాన్ని కోసి తూచలేం. ఆవిడ ఏం చేశారంటే, నా షాపు వెనక గదిలో తలుపు గడియ పెట్టించి, స్టీలు బేసిను నిండా, అంచు తాకేదాకా గోరువెచ్చని నీళ్ళు పోయించారు. బేసిను కింద పళ్ళెం. ‘ఇప్పుడు వంగు’ అన్నారు. [నవ్వులు] నవ్వకండి, మీలో పదిహేనుమందికి కొలిచింది అలాగే కదా! వంగితే నీళ్ళు పొర్లి పళ్ళెంలో పడ్డాయి. ఆ నీళ్ళని ఆవిడ కొలతల గ్లాసులో పోసి చూశారు. 420 మిల్లీలీటర్లు. “మన ఒళ్ళు ఇంచుమించు నీళ్ళంత బరువే. కాబట్టి 420 గ్రాములు. ఆర్కిమెడిస్ చెప్పాడమ్మా ఇది, రెండు వేల ఏళ్ళ పైనే అయింది. ఇలా వాడతారని ఆయన అనుకుని ఉండడు.” అలా అన్నారు.

దూది మధ్యలో ఆవాల సంచి. అది మా ఇద్దరి కనిపెట్టుడు. బియ్యం పెట్టి చూశాం, గట్టిగా గుచ్చుకుంది. పెసలకి పురుగు పట్టింది. ఆవాలు మెత్తగా కదులుతాయి, వంగితే వంగుతాయి, పడుకుంటే పక్కకి జారతాయి, అచ్చం అసలుదానిలాగే. జాకెట్టు లోపల మెత్తటి మల్లు గుడ్డతో జేబు కుట్టి, ఆ జేబులో బొండా. ఉతికేటప్పుడు ఆవాల సంచి బయటికి తియ్యాలని అందరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పాం. అయినా ఒకావిడ మర్చిపోయి సర్ఫులో నానబెట్టి, ఆరేసి, రెండు రోజులు ఊరెళ్ళింది. తిరిగొచ్చేసరికి మొలకలొచ్చాయి. ఎవరో చెప్పను. మూడో వరసలో తల దించుకుని కూర్చున్నారు. [నవ్వులు]

ఆ వెనక గదిలోనే మన ఈ గుంపు మొదలైంది. ముగ్గురం, తర్వాత ఏడుగురం. గది చాలక ఈ హాలుకొచ్చాం. గదిలో ఉన్నప్పుడు ఎవరమూ ఏదీ దాచుకోలేదు. అన్నీ విప్పి కూర్చున్నాం మరి, ఇంకేం దాస్తాం? హాలుకొచ్చాకే మనకి దాపరికాలు వచ్చాయని నా అనుమానం. అక్కడికొస్తాను.

ఒకసారి సమావేశంలో ఎవరో అన్నారు, ఇలా గుంపుగా ఉంటే ఆయుష్షు పెరుగుతుందట, అమెరికాలో పరిశోధన చేశారట అని. టీచరుగారు వెంటనే ఏమీ అనలేదు. వచ్చే నెలకి నోటుపుస్తకంలో రాసుకొచ్చారు. 1989లో డేవిడ్ స్పీగెల్ అనే డాక్టరు, జబ్బు ఒళ్ళంతా పాకిన 86 మంది ఆడవాళ్ళ మీద చేసిన పని అది. గుంపులో వారం వారం కూర్చున్నవాళ్ళు సగటున 36 నెలలు పైన బతికారు, కూర్చోనివాళ్ళు 19 నెలలు కూడా నిండకుండా పోయారు. వినగానే మేం చప్పట్లు కొట్టాం. “ఆగండమ్మా, లెక్క అవలేదు” అన్నారు. 2001లో కెనడావాళ్ళు 235 మందితో మళ్ళీ చేసి చూశారు. ఆయుష్షులో తేడా రాలేదు. ఆ మొదటి డాక్టరే తర్వాత మళ్ళీ చేసినా రాలేదు. మా మొహాలు మాడిపోయాయి. ఇంత నిజం మాకెందుకు చెప్పారా అని నేనైతే తిట్టుకున్నాను. అప్పుడు చివరి లైను చదివారు. “కెనడాలో గుంపులో కూర్చున్నవాళ్ళకి దిగులు తగ్గింది. నొప్పి కూడా తక్కువ తెలిసింది. ఎక్కువ కష్టంలో ఉన్నవాళ్ళకి ఎక్కువ తగ్గింది. ఎంతకాలం బతుకుతామో ఈ గది మార్చదు. నొప్పిని మారుస్తుంది. అది తక్కువేం కాదు.”

ఆ మాట నాకు అప్పుడు అంతగా పట్టలేదు.

ఆవిడకి అయిదేళ్ళ బిళ్ళల కోర్సు అయిపోయినప్పుడు మనం బొబ్బట్లు చేసుకున్నాం, గుర్తుందా? అయిదేళ్ళు దాటితే గట్టెక్కినట్టే అని అందరం అన్నాం. ఆవిడ ఒక్కరే, “హార్మోనుతో పెరిగే రకం క్యాన్సరుకి అయిదేళ్ళు గీటురాయి కాదమ్మా, పదేళ్ళకీ ఇరవయ్యేళ్ళకీ కూడా తిరగబెట్టొచ్చు” అంటూనే రెండో బొబ్బట్టు తీసుకున్నారు. ఆ ఏడాదే, 2021లో, నడుం నొప్పి మొదలైంది. కరోనా రోజులు, ఆసుపత్రికి వెళ్ళాలంటేనే భయం. బోర్డు దగ్గర నిలబడీ నిలబడీ అనుకున్నారు. బడులు లేవు కదా టీచరుగారూ, ఏ బోర్డు దగ్గర నిలబడ్డారూ అని అడగాల్సింది. నేను అడగలేదు. వెన్నెముకలో తేలింది.

ఇక్కడినుంచి నేను చెప్పేది మీకు నచ్చదు. నాకూ నచ్చదు.

జబ్బు ఎముకల్లోకి వచ్చిందని తెలిసిన నెల ఆవిడ ఇక్కడికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పారు. నాలుగో స్టేజి, ఇక నయం కాదు, మందులతో కొన్నాళ్ళు అదుపులో పెడతారు, ఎన్నాళ్ళో డాక్టరుకీ తెలీదు. హాలంతా చప్పుడు లేదు. కొత్తగా చేరిన ఒకమ్మాయి, ముక్క పరీక్ష అయి వారమైంది పాపం, ఏడుస్తూ లేచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కమిటీలో మనవాళ్ళం కూర్చుని ఏమనుకున్నాం? టీచరుగారిని కొత్తవాళ్ళ ముందు మాట్లాడించకుండా ఉంటే మంచిదని. భయపడతారు అని. నేనూ తలూపాను. ఎవరూ ఆవిడతో ఏమీ అనలేదు. మాట్లాడటానికి పిలవడం మానేశాం, అంతే. ముందు వరసలో కుర్చీ వెనక్కి జరిగింది. ‘మీకు మెట్లు కష్టం కదా, రాకండి’ అన్నాం. ఎంత ప్రేమగా అన్నామో!

అక్టోబరు వచ్చింది, రొమ్ము క్యాన్సరు అవగాహన నెల. బందరు రోడ్డు మీద మన నడక. గులాబి రంగు శాటిన్ పట్టీలు కుట్టే పని నాదే. వాటి మీద ‘విజేత’ అని అచ్చు. ఈ జబ్బుకి గుర్తుగా పెట్టుకునే ఆ గులాబి రిబ్బను కథ కూడా ఒకప్పుడు టీచరుగారే చెప్పారు. అమెరికాలో షార్లెట్ హేలీ అనే ఆవిడ, ఇంట్లోవాళ్ళకే ముగ్గురికి ఈ జబ్బు వస్తే, 90ల మొదట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని పీచు పండు రంగు రిబ్బన్లు చేత్తో చేసి, జబ్బు రాకుండా చూసే పనికి గవర్నమెంటు డబ్బు పెట్టాలని కార్డు రాసి పంచింది. ఒక పత్రికవాళ్ళూ, ముఖానికి పూసుకునే క్రీములు అమ్మేవాళ్ళూ వచ్చి అడిగితే, మీది వ్యాపారం, ఇవ్వను పొమ్మంది. వాళ్ళు రంగు మార్చి గులాబి చేసుకున్నారు. అయినా నాకు గులాబి రంగు ఇష్టమే, కుట్టాను. అరవై పట్టీలు.

నడక అయిన రాత్రి టీచరుగారు ఫోను చేశారు. “పట్టీలు బాగా కుదిరాయట కదా, ఫోటోలు చూశాను. ఎన్ని కుట్టావు?” అరవై అన్నాను. కాసేపు ఊరుకున్నారు. “మనం అరవై ఒక్కరం కదమ్మా” అన్నారు.

నేను ఎండ అన్నాను, మీరు నడవలేరు కదా అన్నాను. అవునవును అన్నారు. కోపమేమీ లేదు గొంతులో. లెక్క సరిచూసుకున్నట్టు అన్నారంతే. నా చేతిలో సూది అలాగే ఉండిపోయింది. తర్వాత తెలిసింది, అమెరికాలో అక్టోబరు 13ని 2009 నుంచి ప్రత్యేకంగా ఇలా జబ్బు పాకినవాళ్ళ కోసం కేటాయించారట. అంటే అక్కడా ఇదే జరిగి ఉంటుంది, పండగలో వాళ్ళని మర్చిపోయి ఉంటారు. అందుకే విడిగా ఒకరోజు కావలసొచ్చింది.

ఆ మర్నాటి నుంచి నేను వాళ్ళింటికి వెళ్ళడం మొదలుపెట్టాను. పశ్చాత్తాపమే అనుకోండి. మంచిదాన్నయి వెళ్ళలేదు.

నొప్పి ముదిరాక మందు కోసం తిరిగిన తిరుగుడు వేరే కథ. నర్సు సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అని అడిగేది. టీచరుగారు “తొమ్మిదిన్నర” అనేవారు. పది అనొచ్చుగా అంటే “పది ఎవరికైనా అవసరం రావచ్చు, ఉండనీ” అనేవారు. మార్ఫిను బిళ్ళ రాయించుకుందామంటే ఒకచోట మా దగ్గర లైసెన్సు లేదన్నారు, ఇంకోచోట అలవాటు పడిపోతారు అన్నారు. పోయే మనిషి దేనికి అలవాటు పడిపోతుందండీ? 1985లో మత్తుమందుల చట్టం వచ్చినప్పటినుంచి ఆసుపత్రులకి దీన్ని ముట్టుకోవాలంటేనే జంకు. 2014లో చట్టం సడలించారు, జంకు మాత్రం పోలేదు. “మార్ఫిను తీసే నల్లమందుని మన దేశంలోనూ పండిస్తారు, ఆ మధ్యప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో. ఎగుమతీ చేస్తాం. నా మంచం దాకా రావడానికే దానికి దారి దొరకలేదు” అనేవారు. చివరికి హైదరాబాదు వెళ్ళాం. ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో నొప్పి తగ్గించడానికే ఒక విభాగం ఉంది. రైల్లో స్లీపరు క్లాసుకి క్యాన్సరు రోగికి టికెట్టు డబ్బులుండవు, తోడెళ్ళే ఒకరికి నూటికి 75 తగ్గింపు. ఫారం మీద డాక్టరు సంతకం ఉండాలి. ఇది చాలామందికి తెలీదు, తెలుసుకోండి. నాలుగు గంటలకొక బిళ్ళ. రెండో రోజుకి ఆవిడ మంచం మీద పక్కకి తిరిగి పడుకోగలిగారు. “మూడు” అన్నారు నర్సుతో. ఆ ‘మూడు’ విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం నా రిపోర్టు మంచిగా వచ్చినప్పుడు కూడా కలగలేదు. మలబద్ధకం వస్తుంది, దానికీ మందు మొదటిరోజు నుంచే అడగండి, ఇదీ ఆవిడ చెప్పిందే.

మొన్న మాఘంలో పోయారు. మాఘమంటే మాకు పెళ్ళిళ్ళ సీజను. షాపు నిండా పెళ్ళికూతుళ్ళ జాకెట్లు, మగ్గం వర్కులు. తెల్లవారుజామున ఫోనొచ్చింది. ఆరింటికల్లా వాళ్ళింట్లో ఉన్నాను.

వసారా నిండా చుట్టాలు. ఒక ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి అడిగింది. “ఏమవుతావమ్మా నువ్వు?”

ఏమవుతాను? చెల్లెల్ని కాను, వదినని కాను. బళ్ళో పనిచేసినదాన్ని కాను. కులం కూడా ఒకటి కాదు. “తెలిసినదాన్నండీ” అన్నాను. ఆవిడ తల తిప్పేసుకుంది. తొమ్మిదేళ్ళు అండి. ఆవిడ ఒంటి మీద ప్రతి గాటూ నాకు తెలుసు, నా ఒంటి మీదవి ఆవిడకి తెలుసు. మా ఆయనకి చూపించనివి కూడా. దానికి తెలుగులో వరస లేదు. అన్నిటికీ వరసలున్నాయి మనకి, తోడికోడలు, వియ్యపురాలు, సవతికి కూడా ఉంది. దీనికి లేదు.

గోడవారన నిలబడ్డాను. ఎవరో అంటున్నారు, “పసుపు కుంకాలతో వెళ్ళింది, అదృష్టవంతురాలు.” అదృష్టమట! నాకు నోటిదాకా వచ్చింది గానీ, ఏమవుతానని మాట్లాడను?

స్నానం చేయించే వేళకి ఆవిడ ఆడపడుచు లోపల్నుంచి వచ్చి, “జాకెట్లు కుట్టే ఆవిడ వచ్చిందా?” అని పిలిచింది. వెళ్ళాను. తలుపు వేసింది. ఆవిడ చేతిలో బొండా ఉంది. నేను కుట్టిందే. రెండు చేతులతో పట్టుకుని, ఏం చెయ్యాలో తెలీక అలా నిలబడింది. “ఇది పెట్టాలా అమ్మా? పెట్టకపోతే నలుగురూ చూస్తారు కదా, ఒకవైపు పల్లంగా...” అని ఆపేసింది.

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఎందుకంటే ఆ సంగతి మేం రెండు నెలల ముందే మాట్లాడుకున్నాం. “నన్ను ఆవాలతో పంపకండే. కట్టెల మీద పోపు పెట్టినట్టు చిటపటలాడతాను, మా ఆయన హడలిపోతాడు” అన్నారు. [నవ్వులు, కాసేపు నిశ్శబ్దం]

“వద్దన్నారండి” అన్నాను. ఆడపడుచు నా వంక చూసింది. “ఇవన్నీ నీతో మాట్లాడిందా?” అంది. అప్పుడు నన్ను లోపలే ఉంచేసుకుంది.

ఎడమ చెయ్యి బాగా వాచి ఉంది, మనకి తెలుసుగా, చంకలో లింఫు గడ్డలు తీసేస్తే నీరు దిగే దారి పోతుంది. రెండు చేతులకీ వేరు వేరు కొలతలు ఆవిడకి. అయినా ఆఖరి వారం వాపు ఇంకా పెరిగి, జాకెట్టు చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. వాళ్ళు లాగబోతుంటే వద్దన్నాను. నా సంచిలో చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటుంది. చేతి కుట్టు మొదలు నుంచి చివరిదాకా విప్పాను, చంక దాకా. చెయ్యి పెట్టి, మళ్ళీ పైనుంచి టాకాలు వేశాను. దారం పంటితో కొరకబోయి ఆగాను. ఒకవైపు పల్లంగానే ఉంది. చీర కొంగు సర్దాం. ఎవరూ ఏమీ అనలేదు. చూసినవాళ్ళు చూశారు.

ఇంటికెళ్ళేసరికి మా అత్తగారు గుమ్మంలోనే, “తలస్నానం చేసిరా. మనకి మైలేమీ లేదుగా” అన్నారు. ఆవిడ తప్పేం లేదు. రక్తసంబంధానికి పది రోజులు, దూరపువాళ్ళకి మూడు రోజులు. ఆ లెక్కలో నాకు వచ్చింది ఒక తలస్నానం. పది గంటలకి షాపు తీశాను. ఒక పెళ్ళికూతురి తల్లి వచ్చి హుక్కులు ముందుకి కావాలా వెనక్కి కావాలా అని అరగంట తేల్చుకోలేకపోయింది. నేను నిలబడి వింటూనే ఉన్నాను.

మన గుంపుకి వచ్చే కౌన్సెలరమ్మ చెప్పారు, కెన్నెత్ డోకా అని ఒక ప్రొఫెసరు దీని గురించే రాశాడట, లోకం లెక్కలోకి తీసుకోని దుఃఖం గురించి. అది కూడా 1989లోనే అట. సెలవు ఉండదు, పరామర్శకి ఎవరూ రారు, ఏడిస్తే ఎందుకేడుస్తున్నావంటారు. నాకు ఆ మాట విన్నాక కొంచెం ఊపిరాడింది. పేరున్న జబ్బయితే భయం తగ్గుతుంది కదా మనకి.

ఇంకోటి కూడా చెప్పాలి, సిగ్గయినా. ఆవిడ మొహం మీద గుడ్డ కప్పినప్పుడు నాకు లోపల ఒక మూల ‘నేను కాదు’ అనిపించింది. ఒక్క క్షణం. ఆ వెంటనే, ఇద్దరం ఒకే నెలలో అదే ఎర్ర మందు ఎక్కించుకున్నవాళ్ళం కదా, ఇక నా వంతేమో అనిపించింది. మిషను తొక్కితే వచ్చే నడుం నొప్పే ఇరవయ్యేళ్ళుగా ఉంది నాకు, అయినా ఆ వారంలో వెళ్ళి స్కాను తీయించుకున్నాను. ఏమీ లేదన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. టీచరుగారి కోసం ఏడ్చానో నా కోసం ఏడ్చానో నాకు తెలీదు. మీలో ఎంతమందికి ఇలా అయిందో చెయ్యెత్తమని అడగను. అందరికీ అయి ఉంటుంది.

నా కోరిక ఏమిటంటే, ఇప్పుడు మనలో ఇంకో నలుగురికి జబ్బు తిరగబెట్టి ఉంది. వాళ్ళ కుర్చీలు వెనక్కి జరపొద్దు. కొత్తవాళ్ళు భయపడితే భయపడనివ్వండి. ఆరోజు ఏడుస్తూ వెళ్ళిపోయిన అమ్మాయి తర్వాత నాతో ఏమందో తెలుసా? భయమేసింది టీచరుగారిని చూసి కాదట, ఆవిడ చెప్పాక మనమంతా నోరు మూసుకోవడం చూసి అట. మెట్లు కష్టమైతే సమావేశం వాళ్ళింట్లో పెడదాం. అరవైమంది పట్టరు, పదిమందిమి వెళదాం. ‘పోరాడి ఓడిపోయింది’ అని ఇందాక ఒకరన్నారు, దయచేసి అలా అనకండి. ఆవిడకి ఓటమేమిటి? మందు పనిచెయ్యడం మానేసింది. డాక్టరు చెప్పిన మందులన్నీ ఆవిడ వేసుకుంది, చెప్పిన టైముకి వేసుకుంది. వచ్చే అక్టోబరుకి ‘విజేత’ పట్టీలు నేను కుట్టను. పేర్లు రాసి ఇమ్మంటే రాసి కుడతాను, అందరివీ, ఎంతమందిమి ఉంటే అన్ని. ఇది కమిటీతో తగవు పెట్టుకోవడానికి చెప్పడం లేదు. సరే, కొంచెం పెట్టుకోవడానికే.

అయిపోవచ్చిందండి. పెద్దకర్మ అయిన వారానికి ఆవిడ కూతురు షాపుకొచ్చింది. తల్లికి జబ్బు తెలిసినప్పుడు దానికి పదమూడేళ్ళు, ఇప్పుడు ఇరవై రెండు. సంచిలో ఆరు జాకెట్లు తెచ్చింది, అన్నీ నేను కుట్టినవే. “నా కొలతకి చేస్తారా ఆంటీ, అమ్మ చీరలు కట్టుకుంటాను” అంది. కూర్చోబెట్టి టీ తెప్పించాను. దానితో ఒక మాట చెప్పాను, మీ పిల్లలకీ చెప్పండి. మీ అమ్మకి నలభై నాలుగేళ్ళకి వచ్చింది, నువ్వు ముప్ఫై నాలుగు నుంచి పరీక్షలు మొదలుపెట్టాలి, ఈలోపు డాక్టరుని కూడా ఒకసారి అడుగు అని. సంబంధం కుదిరినా, కుదరకపోయినా. తలూపింది.

లోపలి జేబులు విప్పెయ్యమంటావా అని అడిగాను. ఆలోచించింది. అయిదింటికి విప్పెయ్యండి, ఆ ఆకుపచ్చదానికి మాత్రం ఉంచండి అంది. ఎందుకని నేను అడగలేదు. కొలతలు తీసుకునేటప్పుడు నా పుస్తకంలో కొత్త పేజీ తియ్యకుండా వాళ్ళమ్మ పేజీలోనే కింద రాశాను. పైన తొమ్మిదేళ్ళవి ఉన్నాయి, తేదీలతో. చేతుల దగ్గర రెండు రెండు అంకెలు. దీనికి ఒక్కటే రాశాను.

అయిదు అయ్యాయి. ఆకుపచ్చది ఇంకా ఉంది. శుక్రవారం రమ్మన్నాను. మైకు తీసుకోండమ్మా.